ముట్టరాని చేతులు

“ముట్టద్దు పాపా! మీ తాత మడిలో ఉండాడు... నువ్వు బయటుండావు!”

దేవుడి గది గడప దగ్గర అత్తగారు భాగీరథమ్మ పెట్టిన కేకకు అంబిక వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. మామగారు శ్రీనివాసప్ప తడిపంచెతో వెల్లకిలా పడి ఉన్నాడు! కళ్ళు తేలేశాడు... ఒళ్ళంతా చెమట! పొద్దుటి నుంచీ ఎడమ చెయ్యి లాగుతోందనీ, రొమ్ము మీద బరువు పెట్టినట్టుందనీ అంటూనే ఉన్నాడు పాపం. డాక్టరు దగ్గరికి పోదాం మామా అంటే, “శనివారం పూజ కానీమ్మా, ఇది ఉత్త గ్యాసు” అని జీలకర్ర నీళ్ళు తాగాడు. అంబిక పట్టుపట్టలేకపోయింది. ఆ ఇంటికి కోడలై వచ్చిన నాటి నుంచి ఆమె దేనికి పట్టుపట్టింది గనుక!

కూతురు అర్పితది పదో తరగతి. నెలసరి వచ్చిందని అవ్వ మాట ప్రకారం బాల్కనీ పక్కన చాప మీద కూర్చుని చదువుకుంటోంది. ఆనేకల్ ఊళ్ళో మగ్గాల ఇంట నడిచిన ఆచారం, అత్తగారి పెట్టెతో పాటే నగరంలోని బ్రూక్‌ఫీల్డ్ అపార్టుమెంటుకూ వచ్చింది మరి! తాత పడిన చప్పుడుకు పరుగెత్తుకొచ్చిన పిల్ల, ఆ కేక విని గడప అవతలే ఆగిపోయింది.

“అమ్మా, తాత భుజం తట్టి పిలువు! ఊపిరి ఉందా చూడు!”

అంబిక తట్టింది... పిలిచింది... ఉలుకు లేదు, పలుకు లేదు! ఉన్నట్టుండి గొంతులోంచి గురకలాంటి శబ్దం ఒక్కటి వచ్చింది.

“ఊపిరాడతాండాది! ఇన్ని నీళ్ళు పోద్దాం నోట్లో!” భాగీరథమ్మ చెంబు ఎత్తింది.

“నీళ్ళొద్దవ్వా! అది ఊపిరి కాదు. గుండె ఆగితే అట్లానే వస్తుందని స్కూల్లో నేర్పించారు. అమ్మా, నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యి, స్పీకర్‌లో పెట్టు! నేను సీపీఆర్ చేస్తా... చెయ్యనా?”

చెయ్యనా! ఆ ఒక్క మాట అంబిక గుండెలో గుచ్చుకుంది. ప్రాణం నిలబెట్టే విద్య చేతిలో ఉండి, నా బిడ్డ గడప అవతల నిలబడి అడుక్కోవాలా?

“అడగద్దు తల్లీ! లోపలికి రా!”

“అంబికా, అపచారమే! దాన్ని తలకి పోసుకొని రానీ...”

“అంతదాకా మామ ప్రాణం కాచుకుంటుందా అత్తా? పాపముంటే అది నాకే చుట్టుకోనీ!” అంబిక అత్తగారి చేతిలోని చెంబు లాక్కుని పక్కన పెట్టి, నూట ఎనిమిదికి ఫోన్ కలిపింది. ఇన్నేళ్ళలో ఆమె గొంతు అలా లేవడం అదే మొదలు.

అర్పిత మోకాళ్ళ మీద కూర్చుంది. తాత రొమ్ము నడిమధ్యన అరచేతి మడమ ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా గట్టిగా, వేగంగా నొక్కసాగింది. నొక్కిన ప్రతిసారీ రొమ్మును మళ్ళీ పైకి లేవనిస్తోంది.

“అయ్యో, ఎముకలు విరుగుతాయే!”

“విరిగితే అతుక్కుంటాయవ్వా... తాతే పోతే?” కన్నీళ్ళు ముక్కు మీదుగా కారుతున్నా పిల్ల చేతులు ఆగలేదు. “అమ్మా, నా చేతులు పడిపోతుండాయి, నువ్వు రా! ఆపకూడదు!”

మామగారి ఎదుట తలెత్తి మాట్లాడి ఎరుగని అంబిక ఆయన రొమ్ము మీద చేతులు వేసింది. తల్లీ కూతుళ్ళు ఒకరి తర్వాత ఒకరు నొక్కుతూనే ఉన్నారు. అంబులెన్సు వాళ్ళు వచ్చి షాక్ ఇచ్చాక గానీ ఆయన నాడి అందలేదు.

సాయంత్రం ఆసుపత్రిలో డాక్టరమ్మ, మూసుకుపోయిన రక్తనాళం తెరిచి స్టెంట్ వేశామని చెప్పింది. “చెయ్యి లాగి, చెమటలు పోస్తే గ్యాస్ అని ఇంట్లో కూర్చోవద్దమ్మా! ఆ పాప చేతులు ఆగి ఉంటే ఈయన మనకు దక్కేవారు కాదు.” వైట్‌ఫీల్డ్ ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చిన అంబిక భర్త ఓబులేష్ మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చేశాడు.

అర్పిత మాత్రం వరండా చివర ఎవరికీ తగలకుండా గోడకు ఒదిగి నిలబడింది. అది చూసి అంబిక అత్తగారి వైపు తిరిగింది.

“అత్తా, మీరు కోప్పడినా సరే. ఇంక నా బిడ్డ మూలన కూర్చోదు. నేనూ కూర్చోను.”

భాగీరథమ్మ మెల్లగా వెళ్ళి మనవరాలి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

“రా పాపా... మీ తాత కండ్లు తెరిచినాడంట.”

“నేనింకా తలకి పోసుకోలేదవ్వా...”

“అవన్నీ ఇంకొద్దు! నన్ను గాదు, నిన్నే ముందు చూడల్ల ఆయన!” అంటూ తలుపు తోసి, మనవరాలిని తనకంటే ముందు లోపలికి పంపింది భాగీరథమ్మ.