డబ్బాలో చందమామ

"మీ చందమామ డబ్బాలో ఉందండీ," అంది ఫోన్‌లో ప్రెస్ అమ్మాయి.

డిజైనర్‌కి ఒళ్లు మండింది. ఆ చందమామ ఉన్నది అతని అక్క రాసిన మొదటి పిల్లల పుస్తకం కవరు మీద. లోపలి పేజీలన్నీ అచ్చయ్యాయి, కవరొక్కటే మిగిలింది. ఎల్లుండే ఆవిష్కరణ. లోకంలో ఇంకో డిజైనరే లేనట్టు, కవరు తానే చేస్తానని ఇంటిల్లిపాదికీ మాటిచ్చాడు.

"నా స్క్రీన్ మీద బాగానే ఉందే!"

"అయితే అందరికీ స్క్రీనే పంచిపెట్టండి."

గొడవపడదామని లాప్‌టాప్ చంకన పెట్టుకుని, వానలో తడుస్తూ వెళ్లాడు. అచ్చు ప్లేట్లు తయారుచేసే గదిలో, ఫోన్ చేసిన ఆ అమ్మాయే నమూనాగా తీసిన ప్రూఫ్ కాగితం పరిచింది. నీలి ఆకాశంలో చందమామ. చుట్టూ మెత్తగా పరుచుకోవాల్సిన వెలుగుకి బదులు తెల్లటి చదరపు డబ్బా. చందమామను అట్టపెట్టెలో పెట్టి పార్సిల్ చేసినట్టుంది.

"మీ మెషిన్ పాతది," అన్నాడు.

"పాతదే. పొద్దుట్నించి ఆరు కవర్లు బుద్ధిగా వేసింది. మీ దగ్గరే మొండికేసింది."

"నాకు ఎనిమిదేళ్ల అనుభవం ఉంది."

"మరింకేం, కూర్చోండి. సరిచెయ్యండి." కుర్చీ లాగింది.

ఎనిమిదేళ్ల అనుభవం మొదటిసారి పీడీఎఫ్ చేస్తే డబ్బా పెద్దదైంది. రెండోసారి చందమామే మాయమైంది. మూడోసారి చందమామ వచ్చింది గాని, అక్క పేరు ఎగిరిపోయింది. ఆమె నవ్వు దాచుకోవడానికి అటు తిరిగింది. ఆ తిరగడం చూస్తూ అతను పొరపాటున ఫైలునే మూసేశాడు.

"నాకు తెలీదండీ," అన్నాడు చివరికి. ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. అలవాటు లేక గొంతు కీచుమంది.

"ఆ ముక్కేదో ఫోన్‌లోనే అనొచ్చుగా! చూడండి, ఆకాశానికి స్పెషల్‌గా కలిపిన నీలం వాడారు. దాని మీద వెలుగుని ట్రాన్స్‌పరెంట్‌గా పెట్టారు. ఆ రెండూ కలపడం మా మెషిన్‌కి రాదు. ముందు నీలాన్ని మామూలు నాలుగు రంగుల్లోకి మార్చండి. తర్వాత ఆకాశం, వెలుగు, చందమామ ఒకే బొమ్మగా కలిపేయండి. అక్షరాలు మాత్రం విడిగా, అన్నిటికన్నా పైన."

చెప్పినట్టే చేశాడు. కొత్త ప్రూఫ్‌లో వెలుగు, నీళ్లలో పాలచుక్కలా ఆకాశంలోకి కరిగిపోయింది.

ఆవిష్కరణ రోజున అక్క కవరు తడుముతూ మురిసిపోయింది. "ఎంత బాగా చేశావురా!"

కాలర్ దాకా వెళ్లిన అతని చెయ్యి దానంతటదే కిందికి దిగింది. "నేను పాడుచేశానక్కా. బాగుచేసింది ప్రెస్‌లో ఒకావిడ."

"ఒకావిడా?" అక్క ఎగాదిగా చూసింది. "దానికి నీ చెవులెందుకురా ఎర్రబడ్డాయి?"

ఆ తర్వాతి నెలలో అతని ఫైళ్లు అయిదు ఆ ప్రెస్‌కి వెళ్లాయి. అయిదింటిలోనూ డబ్బాలే. అయిదోది చూసి ఆమె కళ్లద్దాలు తీసింది.

"ఇవి కావాలని చేస్తున్నారు కదూ?"

"ఎలా కనిపెట్టారు?"

"మీ అసలు తప్పులు ఇంతకంటే ఘోరంగా ఉంటాయి."

అతను నేలచూపులు చూశాడు. "మిమ్మల్ని చూడ్డానికి వేరే దారి తోచలేదండీ. మీరంటే నాకు... ఇష్టం."

ఆమె ప్రూఫ్ కాగితం మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది. "రేపు సాయంత్రం రండి. ఫైల్ లేకుండా."

"ఫైల్ లేకపోతే నేను మరీ అధ్వానమండీ."

"తెలుసు," అంది ఆమె. "మీ అక్కయ్యగారు నిన్ననే ఫోన్ చేసి చెప్పారు."