విప్పకూడని కుట్టు

బస్తర్ రాజ్యం రోజుల్లో, కొంటా దగ్గర శబరి ఒడ్డున రాఘవులు, భూషణం అనే అన్నదమ్ముల తోలు కార్ఖానా ఉండేది. అక్కడ కుట్టిన చెప్పులు అడవిదారిలో ఎన్ని ముళ్ళు తొక్కినా ఏళ్ళకేళ్ళు నిలిచేవి. నిజం చెప్పాలంటే అవన్నీ రాఘవులు కుట్టినవే. భూషణానికి నోటికున్న చురుకుదనం చేతికి లేదు. "నీకు పని అబ్బలె తమ్మీ" అని నలుగురి ముందూ అన్న అన్నప్పుడల్లా వాడికి ఒళ్ళు మండేది.

ఆ వానాకాలం రాఘవులు పచ్చితోళ్ళు నానేసే సున్నపు గుంటలోకి కాలుజారి పడి చనిపోయాడు. ఊరు నమ్మింది అంతవరకే. గుంట అంచున భూషణం నిలబడి ఉన్నాడని ఎవరికీ తెలియదు. "చెయ్యియ్యి తమ్మీ" అని అన్న అడిగాడు. భూషణం చేతులు వెనక్కి కట్టుకుని, ఆ అడగడం ఆగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

అంతకుముందే రాఘవులు ఒక దున్నతోలును పెద్ద సంచిలా కుట్టి, తంగేడు చెక్క నానిన నీళ్ళు మూతిదాకా నింపి, పాకలో దూలానికి వేలాడదీశాడు. అలా రోజుల తరబడి ఊరితేనే తోలు పదునవుతుంది. ఆ పనివాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఏ చెయ్యి కుట్టిందో ఆ చెయ్యే విప్పాలి. కుట్టినవాడు మధ్యలో పోతే సంచిని విప్పకుండానే ఏట్లో వదిలెయ్యాలి.

భూషణం వదల్లేదు. థానేదార్ దసరాకి గుర్రపు జీను కావాలన్నాడు. అది నచ్చితే కార్ఖానా వాడి చేతిలో నిలుస్తుంది, లేకపోతే పని ఇంకొకరికి పోతుంది. జీనుకు సరిపోయే తోలు అదొక్కటే.

రాఘవులు భార్య రామక్క అడ్డం వచ్చింది.

"ఆయన కుట్టింది నువ్విప్పకు భూషణం. ఏట్లె ఇడిసిపెట్టు."

ఆడదాని పిరికితనమని నవ్వి, వాడు పాకలోకి పోయి తడిక వేసుకున్నాడు.

పొద్దు వాలుతోంది. బయట వాన. పాకలో పచ్చితోలు వాసన, నానిన చెక్క వగరు కలిసి ఊపిరాడనివ్వడం లేదు. సంచి నుంచి కింది కుండలోకి బొట్టు పడుతోంది. టప్... టప్... భూషణం కుట్టే ఆరె తీసి, పక్క కుట్టు కింద దూర్చాడు.

బొట్టు ఆగిపోయింది.

నీళ్ళు అయిపోయాయేమో అనుకున్నాడు. కానీ సంచి నిండుగానే ఉంది. తట్టి చూస్తే వెచ్చగా తగిలింది. ఒక కుట్టు తెంపాడు. నీళ్ళు రాలేదు. ఇంకొకటి తెంపాడు. గుప్పున సున్నపు వాసన కొట్టింది. సున్నం పూర్తిగా కడిగాకే గదా సంచి కుట్టేది... మరి ఇదెక్కడిది?

చీలికలోంచి ఎవరో గుసగుసగా అడిగారు.

"చెయ్యియ్యి తమ్మీ..."

ఆ మాట ఇదివరకు విన్నవాడు లోకంలో తనొక్కడే. పారిపోవాలనుకున్నాడు. కాళ్ళు రాలేదు. కదిలింది చెయ్యి. తనంతట తానే చీలికలోకి పోయింది. లోపల ఇంకో చెయ్యి తగిలింది. చర్మం ఊడి, జిగటగా... పట్టు మాత్రం జారలేదు.

మెలకువ వచ్చేసరికి కటికచీకటి. నోటినిండా వగరు. మోకాళ్ళు గడ్డానికి నొక్కుకున్నాయి. ఎటు తడిమినా తడితోలే. అరవబోతే తడితోలు నోటికి అడ్డంపడింది. కుట్టు సందుల్లోంచి సన్నగా పగటి వెలుగు కనిపించింది. బయట మాటలు వినిపించాయి. పనివాడు మంగ్లూ, భూషణం ఎక్కడా కనిపించడం లేదని, ఏట్లో పడ్డాడేమోనని రామక్కతో చెబుతున్నాడు. ఈ సంచిని ఏం చేద్దామని అడిగాడు.

రామక్క దగ్గరికి వచ్చి, సంచి మీద అరచెయ్యి ఆనించింది. ప్రాణం లేచొచ్చినట్టయి భూషణం ఉన్న బలమంతా పెట్టి లోపలి నుంచి తోశాడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి. ఆమె చెయ్యి ఉలిక్కిపడలేదు. చాలాసేపు అక్కడే ఉంది.

"ఇంకా పదునుకు రాలె," అంది రామక్క మెల్లగా. "ఉండనియ్యి."

పైనుంచి తంగేడు నీళ్ళు పోసింది. చల్లగా మెడదాకా వచ్చాయి. భూషణం పిచ్చిగా తను తెంపిన చోటు వెతికాడు. అక్కడ మళ్ళీ కుట్టి ఉంది. ముడులన్నీ లోపలివైపే ఉన్నాయి. చివరి ముడి అతని వేళ్ళ కింద ఇంకా బిగుస్తోంది...