రిపేరు బుక్కులో రెండు కంప్లయింట్లు

డిపోలో అందరినీ "అన్నా" అని పిలిచే జమున నన్ను మాత్రం "సంపత్‌గారు" అనేది. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఆర్నెల్లు బతికాను. నేను డ్రైవర్‌ని, ఆమె నా బస్సు కండక్టర్. పొద్దున ఐదింటికి డ్యూటీ ఎక్కితే మెట్‌పల్లి దాటి ఎర్రవాగుపల్లె దాకా రెండు ట్రిప్పులు. డిపోకు తిరిగొచ్చేసరికి ఒంటిగంట.

పదకొండు దాటేసరికి ఆమె ముఖం వాడిపోయేది. తలనొప్పితో నుదురు పట్టుకునేది. పాపం, నిలబడి నిలబడి అలసిపోతోందనుకున్నాను. అందుకని ఎర్రవాగుపల్లెలో పది నిమిషాల హాల్టును ఇంకో పావుగంట పెంచాను. తెలివైనవాణ్ణి కదా!

"జమునా, కొబ్బరిబోండం తాగు."

"వద్దు."

"పోనీ చాయ్?"

"మీరు తాగుండ్రి. జర జల్దీ తాగుండ్రి."

నేను జల్దీ తాగేవాణ్ణి కాదు. ఎంత మెల్లగా తాగితే ఆమెకు అంత రెస్టు దొరుకుతుందని నా లెక్క.

"నీ మొఖం సూడబుద్ధి గాకనే బండి తియ్యిమంటుందిరా," అని మెకానిక్ దేవదాస్ నవ్వేవాడు. నవ్వితే నవ్వాడు గానీ, ఒకనాడు ఆయనే వచ్చి చెప్పాడు. "జమున ఆఫీసు డ్యూటీకి మార్చుమని అర్జీ పెట్టింది." నా ప్రాణం ఉసూరుమంది.

మర్నాడు ఎర్రవాగుపల్లెలో జోరున వాన. జనమంతా దిగిపోయారు. ఖాళీ బస్సులో మేమిద్దరమే. ఇక ఆగలేక అడిగేశాను.

"నా వల్లనే పోతున్నవా?"

"మీ వల్లనే."

"నేనేం జేసిన?"

"పావుగంట ఎక్కువ ఆపుతున్నరు," అంది కోపంగా. "బండి ఆగంగనే మీరు చెట్టు చాటుకు పోయొస్తరు. నేనెటు పోవాలె? తొవ్వ పొడుగునా బాత్రూం లేదు. అందుకే పొద్దుగాల్నుంచి చుక్క నీళ్లు ముట్ట. మీ చాయ్ అయ్యేదాక కడుపు బిగవట్టుకొని కూసుంట. మూడు నెలలల్ల రెండుసార్లు మూత్రంల ఇన్ఫెక్షన్ వచ్చింది. గిట్లనే ఉంటే కిడ్నీలు ఖరాబైతయన్నది డాక్టరమ్మ."

"ఒక్కమాట నాకు చెప్పరాదా?"

"మగమనిషికి గీ మాట ఎట్ల చెప్తరు?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు గీ కొలువంటే పానం. ఆఫీసుల కూసునుడు నాకిష్టం లేదు. కని ఏం జెయ్యాలె?"

మేలు చేస్తున్నాననుకుంటూ ఆ పిల్లను ఆర్నెల్లు హింస పెట్టాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ సిగ్గులోనే నా సంగతీ బయటపడింది.

"నాకు బీపీ ఉన్నది జమునా. డిపోల ఎవ్వరికి చెప్పలే. మొగోడివి, గీ వయసుల బీపీ ఏందని నవ్వుతరని."

"బిళ్లలు ఏసుకుంటున్నరా?"

"యాదికున్నప్పుడు."

"మీకు బుద్ధి ఉన్నదా?" అంది. అంత చనువుగా తిట్టడం అదే మొదలు. నాకైతే హాయిగా అనిపించింది.

డ్యూటీ దిగగానే బండి లోపాలు రాసే రిపేరు బుక్కు తీశాను. బ్రేకు, క్లచ్, హారన్, ఇవే అందులో మేం రాసేవి. బాగైందని మెకానిక్ సంతకం పెడితేనే మర్నాడు బండి గేటు దాటుతుంది. నేను ఇలా రాశాను: "దారిలో లేడీ కండక్టర్లకు బాత్రూం లేదు. నీళ్లు తాగడం లేదు. వెంటనే రిపేరు చేయగలరు."

దేవదాస్ బుర్ర గోక్కున్నాడు. "గిదేందిరా? దీనికి పానా ఏడ పెట్టాలె?"

"నువ్వు సంతకం పెట్టేదాక బండి తియ్య."

తెల్లారి బండి గేటు దగ్గరే ఆగింది. మెమో ఇస్తానని మేనేజర్ కేకలేశారు. బుక్కు తెప్పించి చూస్తే నా రాత కింద కండక్టర్ కోమల సంతకం, ఆమె కింద మరో ఎనిమిది మంది ఆడవాళ్ల సంతకాలు. ఆయన కేకలు ఆగాయి. మెమో మాత్రం ఆగలేదు. అయితేనేం, వారంలోపు దారిలోని పెట్రోల్ బంకువాళ్లతో మాట్లాడి, ఎప్పుడూ తాళం వేసి ఉండే వాళ్ల బాత్రూం తెరిపించారు. పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి అక్కడ ఐదు నిమిషాల హాల్టు టైమ్ షీటులోకి ఎక్కింది.

జమున మాత్రం ఉంటానని అనలేదు, పోతానని అనలేదు. సోమవారం పొద్దున దేవదాస్ ముసిముసిగా నవ్వుతూ రిపేరు బుక్కు నా చేతిలో పెట్టాడు. గుండ్రటి అక్షరాలు, జమునవి.

"డ్రైవర్ సంపత్‌కు బీపీ ఉంది. దాస్తున్నాడు. వేళకు బిళ్లలు వేయించే మనిషి కావాలి. ఆ డ్యూటీ జీవితాంతం నేను చేస్తాను."

కింద దేవదాస్ సంతకం కూడా పెట్టేశాడు. అప్పటికే డిపో మొత్తం చదివిందట.

"గిట్ల అందరి ముందట రాస్తవా?" అన్నాను జమునతో.

"దాసుకుంటే ఏమైతదో ఇద్దరం సూసినం గదా."

"మరి ఆఫీసు డ్యూటీ?"

"అర్జీ వాపస్ తీసుకున్న. మా అవ్వకు గూడ చెప్పిన. ఆదివారం మీ బాపును తోలుకొని రాండ్రి." బస్సు మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగింది. "పొద్దటి బిళ్ల ఏసుకున్నరా?"

ఇంట్లో ఎవరడిగినా, వేసుకోకపోయినా వేసుకున్నాననడమే నా అలవాటు.

"లేదు," అన్నాను.