ఆరు గంటలకు వచ్చే ప్రశ్న

మనుషుల ఫోన్లు ఎంత రోతగా ఉంటాయో నాకు తెలిసినంతగా సియోల్ నగరంలో ఇంకెవరికీ తెలిసుండదు. నా పేరు తక్ యోన్‌జూ. సిందోరిమ్ స్టేషన్ పక్కన, పాత ఫోన్లు కొని బాగుచేసి అమ్మే కొట్టులో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. స్పీకరు జాలీలో ఇరుక్కున్న గులిమిని సూదితో లాగుతాను. అంచుల్లో పేరుకున్న చెంపల జిడ్డు గీకుతాను. ఎవరో తాగిన పులుసు మరక, ఎవరిదో కనురెప్ప వెంట్రుక. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిస్తే నా చేతుల్లోంచి ఊళ్ళోవాళ్ళ చెవుల వాసన వస్తుంది.

పైమురికి స్పిరిట్‌తో పోతుంది. లోపలిది పోదు. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే రంగు ఫోనైనా సరే, ఒక్కో నెట్‌వర్క్ దగ్గర కొంటే ఒక్కోలా ఉంటుంది. ఆన్ చేయగానే వాళ్ళ బొమ్మ, వాళ్ళ పాట. ఆ తర్వాత వాళ్ళ బజారు యాప్, వాళ్ళ జాతకాల యాప్, వాళ్ళ సినిమాల యాప్... అడక్కుండా ఎక్కి, కుక్క చెవిలో పిడుదుల్లా పట్టుకుని ఉంటాయి. తీసేద్దామంటే తొలగించే మీటే ఉండదు. ఏ నెట్‌వర్క్‌కీ చెందని ఫోను మాత్రం శుభ్రంగా ఉంటుంది, దానికి గిరాకీ ఎక్కువ. అందుకే మా ఓనరు ప్యో గారు, నెట్‌వర్క్ ఫోన్లలోకి ఆ శుభ్రమైన వెర్షన్ ఎక్కించి అమ్ముతాడు. ఎక్కించేది నేనే.

హన్‌సోరి నెట్‌వర్క్ ఫోన్లలో ఒక్క యాప్‌ని తిట్టడానికి మాత్రం నాకు నోరు రాదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ కోసం పెట్టింది అది. రోజూ సాయంత్రం ఆరింటికి తెర నిండా పెద్ద అక్షరాలతో అడుగుతుంది, "భోంచేశారా?" అని. మావాళ్ళు ఎవరు కలిసినా మొదట అడిగేది అదేగా. కింద రెండు మీటలు. "తిన్నాను", "ఇంకా లేదు". ఫోను తాళం తీయక్కర్లేదు, వేలు ఆనిస్తే చాలు. "ఇంకా లేదు" అన్నా, అసలు జవాబు రాకపోయినా, పిల్లలకి సందేశం వెళ్తుంది. వరసగా రెండు రోజులైతే వార్డు ఆఫీసు మనిషి వచ్చి తలుపు కొడతాడు.

రెండేళ్ళ కిందట, వసంతంలో, చే ఇన్‌సుక్ అని ఒకావిడ వాళ్ళ నాన్న ఫోను తీసుకుని మా కొట్టుకొచ్చింది. పంది ఎముకల పులుసు హోటల్లో వంట చేస్తుంది. నాకన్నా పదేళ్ళు పెద్ద, అక్కా అంటాను.

"చెల్లీ, దీని నోరు మూయించవే. రోజూ నా ప్రాణాలు తోడేస్తోంది. ఆయనేమో నొక్కడం మర్చిపోతాడు, ఇదేమో నాకు గంట కొడుతుంది. ఆరింటికి హోటల్లో ఎంత రద్దీయో నీకు తెలుసుగా. అన్నీ వదిలేసి గాబరాగా ఫోను చేస్తే, 'టీవీ చూస్తున్నానే పిల్లా' అంటాడు."

"ఇది తీయడానికి రాదక్కా. నెట్‌వర్క్ వాళ్ళు పుట్టుకతోనే పెట్టేస్తారు."

"నువ్వు చెయ్యలేనిదేముందే తల్లీ! ఏదో ఒకటి చెయ్యి."

చేశాను. కూపన్ల పిచ్చోళ్ళు ఫోన్లో వేసుకునే చిన్న సాధనం ఒకటుంది. మనం ముట్టకుండానే, చెప్పిన వేళకి, తెరమీద చెప్పిన చోట అదే నొక్కుతుంది. దాన్ని ఆరు గంటలకి, "తిన్నాను" మీద పెట్టాను. "సెట్టింగ్ సరిచేశానక్కా" అన్నాను. ఎలా చేశావని ఆవిడ అడగలేదు. ఒక డబ్బా ముల్లంగి కిమ్చీ పచ్చడి ఇచ్చి, నవ్వుకుంటూ వెళ్ళింది. నేనూ ఆ కిమ్చీ తిని, సంగతి మర్చిపోయాను.

జులైలో, ముసురు పట్టి గోడలన్నీ బూజెక్కిన రోజుల్లో, ఇన్‌సుక్ అక్క మళ్ళీ వచ్చింది. జిప్పు సంచిలో కాఫీ పొడి, ఆ పొడిలో ఫోను. చావు జరిగిన ఇళ్ళు శుభ్రం చేసేవాళ్ళు వాసన పోవడానికి అలా పెట్టి ఇస్తారు. వాసన పోలేదు. మూత సరిగ్గా పెట్టని ఎండుచేపల జాడీ ఎండలో మగ్గినట్టు... తియ్యగా, జిడ్డుగా... నాలుక మీద దిగింది.

వాళ్ళ నాన్న చే దోంగు గారు, గురో పేటలో, భూమిలోకి సగం దిగిన గదిలో ఒక్కడే ఉండేవాడు. పక్షవాతమొచ్చి స్నానాల గది గడప దగ్గర పడిపోయాడట, చార్జరుకి తగిలించిన ఫోను పక్కనే ఉందట. జులై తొమ్మిదిన కింద నీళ్ళు నిలిస్తే ఇంటి యజమానులు తలుపు పగలగొట్టి చూశారు.

"పోయి రెండు మూడు వారాలైందంటాడు డాక్టరు," అంది అక్క. "సరిగ్గా ఏ రోజో చెప్పలేనన్నాడు. రోజు తెలియకుండా తద్దినం ఎలా పెట్టనే? తప్పు రోజున పెడితే, అసలు రోజున ఆయనొస్తాడు... బల్లమీద ఏమీ ఉండదు... ఆకలితో తిరిగిపోతాడు."

చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"ఇందులో లెక్కుంటుంది కదా అని తెరిచి చూశాను. జులై ఎనిమిదిదాకా తిన్నాను, తిన్నాను అనే ఉంది. చచ్చిపోయిన మనిషి పక్కన కూర్చుని... రోజూ నొక్కింది ఎవరే?"

నేనే అక్కా అనాలి. అక్కడే, అప్పుడే అనాలి. "ఉంచి వెళ్ళక్కా. ఆరున్నరకి రా, చూసి చెబుతాను," అన్నాను.

ఆవిడ వెళ్ళగానే ప్యో గారు ముక్కు మూసుకుంటూ వచ్చాడు.

"ఏంటమ్మా ఈ కంపు? ఎండు రొయ్యల వ్యాపారం పెట్టావా?"

"చచ్చిపోయినాయన ఫోను సార్."

"ఛీ ఛీ! అంతా చెరిపేసి శుభ్రమైన వెర్షన్ ఎక్కించు. లెక్క పోయిందని చెప్పు. మనకెందుకొచ్చిన గొడవ?" అని, గొడుగు తీసుకుని ఆ పూటకి ఇంటికి పోయాడు.

నాకు కావలసిన మాట ఆయన నోటి నుంచి వచ్చింది. నా మీద నాకు అప్పుడే అసహ్యం వేసింది. అయినా చేతికి తొడుగు వేసుకున్నాను.

తెరమీద పసుప్పచ్చటి పొర ఎండి, పెళుసుగా కట్టుకుపోయి ఉంది. స్పిరిట్ గుడ్డతో రుద్దితే పెచ్చులుగా లేచింది. దాని కింద ఎడమచేతి వేలి ముద్రలు. తెరంతా కాదు. ఒక్కచోటే, ఒకదానిమీద ఒకటి, పదులు, వందలు. అక్కడ ఏ మీట వస్తుందో నాకు తెలుసు.

"ఇంకా లేదు."

అప్పుడర్థమైంది. పడిన వెంటనే ఆయన పోలేదు. కుడిచేయి పడిపోయింది, ఎడమచేత్తో తాళం గీత గీయడం చేతకాలేదు. తాళం తీయకుండా తెరమీదకొచ్చేది ఆ ఒక్క ప్రశ్నే. దానికోసం రోజంతా కాచుకుని ఉన్నాడు. ఆరింటికి అది రాగానే, నేను పెట్టిన సాధనం అదే క్షణంలో "తిన్నాను" అని నొక్కేసింది. ఆయన వేలు చేరేసరికి ప్రశ్న ఉండదు. ఉత్త గాజు. ఆ గాజునే నొక్కాడు...

నాకు వాంతి వచ్చింది. చెత్తబుట్టలో కక్కుకుని, మూతి తుడుచుకుని, ఏం చేశాననుకుంటున్నారు? కేబుల్ తగిలించి కొత్త వెర్షన్ ఎక్కించాను. లెక్క పోయింది. నా సాధనం పోయింది. హన్‌సోరి బొమ్మ లేదు, పాట లేదు, వాళ్ళ యాప్ ఒక్కటీ లేదు. సిమ్ కూడా తీసేశాను. తెల్లటి తెర, పుట్టిన బిడ్డంత శుభ్రంగా వెలిగింది.

గోడ గడియారం ఆరు కొట్టింది.

"భోంచేశారా?"

అవే పెద్ద అక్షరాలు. అవే రెండు మీటలు. యాప్ లేదు... నెట్‌వర్క్ లేదు... నేను చేతులు వెనక్కి లాక్కున్నాను. తెర మీద, కింది భాగంలో, చెమ్మ పట్టింది. లోపలి నుంచి. వేలి కొసంత. మీట కిందికి నొక్కుకుపోయింది.

జూన్ 17. ఇంకా లేదు.

మళ్ళీ చెమ్మ. మళ్ళీ నొక్కు. జూన్ 18. ఇంకా లేదు. పందొమ్మిది. ఇరవై. ఇరవై ఒకటి. ప్రతిసారీ ఆ వేలు ఇంకాస్త నెమ్మదిగా... ఇంకాస్త తడిగా... వాసన గొంతులోకి దిగుతోంది. స్పీకరు జాలీలోంచి చప్పుడు. ఎండిపోయిన నోరు దేన్నో చప్పరిస్తున్నట్టు.

జూన్ 22. ఇంకా లేదు.

ఆ తర్వాత ఏమీ రాలేదు. తెర ఆరిపోయింది.

అంటే ఇరవై రెండు. ఆయన పోయిన రోజు. భూమ్మీద అది తెలిసింది నాకొక్కదానికే.

ఆరున్నరకి ఇన్‌సుక్ అక్క గొడుగులోంచి నీళ్ళు కారుతుండగా వచ్చి నిలబడింది. "తెలిసిందా చెల్లీ?" అంది.

ఇరవై రెండు అంటే, ఎలా తెలిసిందే అంటుంది. అది చెబితే ఆరు రోజులు చెప్పాలి. ఆరు రోజులు చెబితే నా సంగతి చెప్పాలి.

"యాప్ పాడైందక్కా, తనంతట తనే తిన్నాను అని రాసుకుంది. నాన్నగారు ఆఖరిసారి నిజంగా నొక్కింది జూన్ పదిహేడు. కడుపునిండా తిని, చేతులు కడుక్కోవడానికి లేచి ఉంటారు. ఒక్క క్షణంలో అయిపోయి ఉంటుంది. బాధపడి ఉండరు."

ఆవిడ నా చేయి పట్టుకుని ఏడ్చింది. "తినే పోయాడా? తినే పోయాడుగా... నీ మేలు మర్చిపోనే తల్లీ," అంది. ఆ చేతి తొడుగు నేనింకా విప్పలేదు.

కిందటేడు జూన్ పదిహేడున ఆవిడ మొదటి తద్దినం పెట్టింది. మర్నాడు చేప ముక్కల అట్లు, బియ్యప్పిండి ముద్దలు డబ్బాలో పెట్టి నాకు తెచ్చింది.

"ఆయన తినడానికి అన్నం గిన్నెలో చెంచా గుచ్చి, లోపలికి రావడానికి తలుపు ఓరగా తీసి కూర్చున్నానే. పొద్దుపోయేదాకా కూర్చున్నా. ఏమిటో... ఎవరూ వచ్చినట్టే అనిపించలేదు," అంది.

ఆ డబ్బా నేను ముట్టుకోలేకపోయాను. అసలు ఆ ఏడాదంతా నాకు తిండి సయించలేదు. ఏ ముద్ద పెట్టుకున్నా ఎండుచేపల జాడీయే.

ఇరవై రెండున పనికి వెళ్ళలేదు. నా ఒంటిగదిలో పొద్దున్నుంచీ అన్నం వండాను, పులుసు కాచాను, బల్ల సర్దాను. ఎవరి ఇంటి పెద్దకో నేను తద్దినం పెట్టడమేమిటని సిగ్గేసింది. భయం దానికన్నా ఎక్కువగా ఉంది. తలుపు ఓరగా తీశాను. అన్నంలో చెంచా గుచ్చాను.

ఆరైంది. నా ఫోను వెలిగింది. అది ఏ నెట్‌వర్క్ వెర్షనూ కాదు, నా సొంతది, కొత్తది.

"భోంచేశారా?"

అన్నం కుప్ప కుంగింది. చెంచా కదల్లేదు. పక్కనుంచి, అంచులనుంచి, తడిగా... చప్పుడు చేస్తూ... గిన్నె అడుగు కనబడింది. నాకినట్టు మెరుస్తోంది. తెర అడుగున చెమ్మ.

ఇంకా లేదు.

కుండలో మిగిలిందంతా వంచాను. పోయింది. ఇంకా లేదు. కిమ్చీ డబ్బా తెచ్చాను. గుడ్లు పచ్చివే కొట్టి పోశాను, పెంకుల్తో సహా పోయాయి. పిండి, ఉప్పు, నూనె... ఇంకా లేదు. ఇంకా లేదు. ఫ్రిజ్ ఖాళీ అయింది.

"అయిపోయింది తాతగారూ... ఇంకేం లేదు," అన్నాను. ఏడుస్తున్నాను. "రేపే మీ అమ్మాయికి చెప్పేస్తాను. రేపెందుకు, ఇప్పుడే..."

వెలిగి ఉన్న తెర ఆరిపోయింది. గదిలో చప్పుడు ఆగింది.

ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. లేచి ఇన్‌సుక్ అక్కకి ఫోను చేద్దామని తెరమీద వేలు పెట్టాను. తెర కదల్లేదు. మళ్ళీ నొక్కాను. గట్టిగా నొక్కాను. ఫోను బాగానే ఉంది, టైము చూపిస్తోంది. నా వేలినే గుర్తుపట్టడం లేదు.

అప్పుడు చేయి చూసుకున్నాను. కుడిచేయి మోచేతిదాకా తడిగా, వెచ్చగా ఉంది. ఎంగిలి కంపు. ఐదు వేళ్ళ కొసలూ చప్పరించి ఉమ్మేసిన రేగుగింజల్లా నున్నగా ఉన్నాయి. గీతలు లేవు. గోళ్ళు లేవు. నొప్పి కూడా లేదు.

ఎడమచేయి బల్ల కింద ఉంది. దాన్నింకా పైకి తీయలేదు.