రెండే తాళంచెవులు

ఆవిడ వచ్చేసరికి బయట ఎండ మండిపోతోంది. అయినా ఆవిడ చీర కుచ్చిళ్ళు మాత్రం నీళ్ళోడుతున్నాయి. గుమ్మం దగ్గరే ఆగిపోయి, నేల పాడవుతుందేమోనని కాళ్ళవంక చూసుకుంది.

"ఫరవాలేదు, లోపలికి రండి," అంది వదిన. "ముందు కాసిని మంచినీళ్ళు తాగండి."

"ఇవాళ నీళ్ళ పేరెత్తకండి," అందావిడ. తర్వాత కుర్చీలో కూలబడింది.

ఆ డిటెక్టివ్ ఏజెన్సీ వదినది. రిపోర్టులు రాయడం, కారు నడపడం, మధ్యమధ్య తప్పుడు ఊహలు చెయ్యడం మరిది పని. వదిన బుర్ర ఎటు పోతుందో కనిపెట్టాలని అతను ఏళ్ళ తరబడి ప్రయత్నిస్తూనే ఉన్నాడు. అన్నగారు మాత్రం ఈ ఇద్దరి గొడవలో తలదూర్చకుండా హాయిగా ఉద్యోగం చేసుకుంటాడు.

వచ్చినావిడ లెక్కలు రాసే మనిషి. పాత ఆఫీసులో అందరూ ఆవిణ్ణి 'ఫుల్‌స్టాప్' అనేవారట, ఏ వాదనైనా ఒక్క మాటతో తెగ్గొడుతుందని. పక్క సీటులో ఉండే పెద్దాయనకి 'కామా' అని పేరు. ఆయన మాట మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటాడు. ఇద్దరూ ఉద్యోగాలు మానేసి, సొంతంగా అకౌంట్స్ ఆఫీసు పెట్టుకుందామనుకున్నారు. మేడమీద గదులు తీసుకున్నారు. చిన్న వ్యాపారాలవాళ్ళు కొందరు వీళ్ళని నమ్మి తమ ఫైళ్ళు అప్పుడే అప్పగించారు. ఆ సాయంత్రమే వాళ్ళందరి ఎదుట, లాయరుగారి సమక్షంలో పార్ట్‌నర్‌షిప్ కాగితాలమీద సంతకాలు.

"పొద్దున తలుపు తీస్తే చీలమండలదాకా నీళ్ళు," అందావిడ. "బాత్‌రూములో కుళాయి పూర్తిగా విప్పి ఉంది. నీళ్ళు పోయే తూములో తుడిచే గుడ్డ కుక్కి ఉంది. అరలు ఇంకా బిగించలేదు. ఫైళ్ళూ కంప్యూటర్లూ అట్టపెట్టెల్లో నేలమీదే ఉన్నాయి."

"తాళం?"

"వేసింది వేసినట్టే ఉంది. కొత్త తాళం. దానికి రెండే చెవులు. ఒకటి నాది, ఒకటి నా పార్ట్‌నర్ అన్నయ్యగారిది."

"ఆయన్ని అనుమానిస్తున్నారా?"

"నన్ను అడిగారు, రాత్రంతా నీ తాళంచెవి ఎక్కడుందమ్మా అని. ఆయన నోట ఆ మాట వస్తుందని కల్లో కూడా అనుకోలేదు." తలొంచుకుని అంది, "నేనూ ఆయన్ని అదే అడిగాను."

మరిది అప్పటికే కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

*

మేడమీద గదుల్లో నీళ్ళు ఎత్తిపోశారు గానీ తడి ఆరలేదు. కొత్త బల్లల చెక్క వాసనా, నానిన అట్ట వాసనా కలిసి గాలి బరువుగా ఉంది. కిటికీ దగ్గర కామా ఒక ఫైలుని ఒళ్ళో పెట్టుకుని, జ్వరం వచ్చిన పిల్లని చూసినట్టు చూస్తున్నాడు.

"ఇది, బేకరీ వాళ్ళది," అన్నాడు. "వాళ్ళకి, ఏ మొహం పెట్టుకుని, చెప్పేది?"

"సాయంత్రం సంతకం చేస్తారా?" అని అడిగింది వదిన.

ఆయన ఫుల్‌స్టాప్ వైపు చూడకుండా అన్నాడు, "కొన్నాళ్ళు, ఆగితే మంచిదేమో."

ఆవిడ మొహం పాలిపోవడం మరిది చూశాడు. ఇవాళ ఆగితే ఇంకెప్పటికీ ఆగిపోయినట్టేనని ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు.

వదిన బాత్‌రూములో కుళాయిని ఒకసారి విప్పి, కట్టేసి బయటికొచ్చింది. "నిన్న ఇక్కడికి ఎవరెవరు వచ్చారు?"

ఫుల్‌స్టాప్ చెప్పింది. మధ్యాహ్నం ఆవిడ భర్త బల్లలు మోసుకొచ్చాడు. కామా బావమరిది వచ్చి గొడవపడి వెళ్ళాడు, తననీ పార్ట్‌నర్‌గా చేర్చుకోలేదని. చివరికి పాత ఆఫీసు యజమాని పెద్దసారు వచ్చి, లోపలి గదివైపు ఒకసారి వెళ్ళొచ్చి, ఇద్దర్నీ దీవించి వెళ్ళారు. వెలుగుండగానే ఇద్దరూ తాళం వేసి ఇళ్ళకి వెళ్ళిపోయారు.

"ఇంకొకటి. ఈ పొద్దున మీకెవరైనా ఫోన్ చేశారా?"

"ఎవరూ చెయ్యలేదు," అంది ఫుల్‌స్టాప్ చప్పున.

"ఇంటినుంచి, అంతే," అన్నాడు కామా, చూపు తిప్పుకుని.

మెట్లు దిగుతూ మరిది గుసగుసగా అన్నాడు, "బావమరిదే వదినా. బావ తాళంచెవికి నకలు చేయించుకోవడం ఎంతసేపు?"

"నీ ఊహ బాగుంది," అంది వదిన. "కింద ఇంటావిణ్ణి కూడా అడిగి చూద్దాం."

ఇంటావిడ వసారాలో బట్టలు మడత పెడుతోంది. మేడ మెట్లకి ఇనప గేటుంది. దాని తాళంచెవి ఆవిడ కొంగున ఉంటుంది.

"వాళ్ళిద్దరూ దిగగానే గేటు వేసేశాను. తెల్లారి ఆ అమ్మాయి వస్తేనే తీశాను. నా గేటు దూకి పైకి పోయే మొనగాడు ఇంకా పుట్టలేదు."

"నీళ్ళ చప్పుడు వినపడలేదా?"

"మోటారు గోలలో ఏం వినపడుతుంది? నిన్న పొద్దున్నే మోటారు కాలిపోయింది. ట్యాంకులో చుక్క లేదు. మెకానిక్కు వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. బాగయ్యాక ట్యాంకు నిండనీ అని వదిలేశాను."

వదిన మొహంలో ఏ మార్పూ లేదు. కానీ నడక జోరు పెరిగింది. ఆ నడక మరిదికి బాగా తెలుసు.

*

బావమరిది దొరికింది తన కొట్లోనే. గొంతు పెద్దది.

"అవును, అరిచాను. సొంత బావ నన్ను పక్కన పెడితే అరవనా? కానీ ఆ గడప లోపల కాలు పెట్టలేదు. రమ్మని పిలవనివాళ్ళ గదిలోకి నేనెందుకెళ్తాను?"

ఫుల్‌స్టాప్ భర్త నెమ్మదస్తుడు. ప్రశ్న పూర్తికాకముందే చెప్పడం మొదలుపెట్టాడు.

"చేతులకి జిగురంటితే కడుక్కుందామని కుళాయి తిప్పాను. నీళ్ళు రాలేదు. కిందకెళ్ళి ఇంటావిడ బకెట్లో కడుక్కున్నాను." "మేడం, ఆ కుళాయి మళ్ళీ కట్టేశానో లేదో నాకు గుర్తులేదు. పొద్దుట్నించి అదే ఆలోచన. మా ఆవిడకి చెప్పే ధైర్యం లేదు."

"తూములో గుడ్డ కూడా మీరే కుక్కారా?"

"నేనెందుకు కుక్కుతాను?"

"అయితే భోంచెయ్యండి. మీ మూలంగా ఏమీ మునగలేదు," అంది వదిన.

పెద్దసారు ఆఫీసు పాతది, ఎత్తైన కప్పుతో, గడియారం లేని గోడలతో. ఆయన చేతికర్ర ఆనుకుని లేచి నిలబడి ఆహ్వానించాడు. నలగని చొక్కా, నిదానమైన మాట. హాలు మధ్యలో రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మిగతా బల్లలమీద కాగితాలు గుట్టలుగా పడి ఉంటే, ఆ రెండింటి ముందూ శుభ్రంగా తుడిచి ఉంది.

"వాళ్ళ చోట్లో ఎవర్నీ పెట్టుకోలేదా?" అని అడిగింది వదిన.

"పెట్టుకోవాలనిపించలేదమ్మా. ఇద్దరికీ పని నేర్పింది నేనే. సొంతంగా వెళ్తామంటే కాదనలేదు. నిన్న వెళ్ళి దీవించి కూడా వచ్చాను."

"మీరు లోపలి గదివైపు వెళ్ళడం చూశారట."

"వెళ్ళాను. బల్లమీద చెయ్యి వేస్తే చెక్కపొట్టు అంటింది. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, వచ్చి ఇద్దరి తలలమీదా చెయ్యి వేశాను. తడి చెయ్యి అని ఆ అమ్మాయి నవ్వింది కూడా," అని ఆయన కూడా చిన్నగా నవ్వాడు.

కార్లో కూర్చున్నాక మరిది నిట్టూర్చాడు. "పాపం, పెద్దమనిషి. ఇంక దారి మూసుకుపోయినట్టేనా వదినా?"

"దారి తెరుచుకుంది. సాయంత్రం ఆయన్ని కూడా పిలుద్దాం. దీవించినవాళ్ళు సంతకాలు చూడాలి కదా."

*

సాయంత్రానికి మేడమీద గది నిండింది. లాయరుగారు, బేకరీ యజమాని, మరికొందరు వ్యాపారస్తులు ఒకవైపు. భర్త, బావమరిది, ఇంటావిడ, పెద్దసారు ఇంకోవైపు. ఫుల్‌స్టాప్, కామా బల్లకి చెరో చివరా కూర్చున్నారు. కాగితాలు వాళ్ళ మధ్య ఉన్నాయి. ఎవరూ కలం తియ్యలేదు.

వదిన నిలబడి మొదలుపెట్టింది.

"పొద్దుట్నించి అందరూ తాళంచెవుల గురించే మాట్లాడుతున్నారు. చెవులు రెండే కాబట్టి దోషి ఈ ఇద్దరిలో ఒకరేనని అనుకుంటున్నారు. కానీ నిన్న రాత్రి ఈ మేడ ఎవరూ ఎక్కలేదు. గేటు తాళంచెవి ఇంటావిడ కొంగున ఉంది. ఎక్కాల్సిన అవసరం కూడా ఎవరికీ లేదు. ఈ పని పట్టపగలు, మీరంతా ఇక్కడ తిరుగుతుండగానే జరిగింది."

గదిలో కదలిక పుట్టింది.

"నిన్న పగలంతా ట్యాంకు ఖాళీ. కుళాయి విప్పినా చప్పుడు రాదు, చుక్క పడదు. తూములో గుడ్డ కుక్కి, కుళాయి విప్పి వదిలేస్తే చాలు. సాయంత్రం వీళ్ళు తాళం వేసుకుని వెళ్ళారు. తర్వాత మోటారు బాగయింది. మిగతా పని నీళ్ళు చేశాయి."

"అయితే ఎవరు?" అన్నాడు బావమరిది, ఈసారి గొంతు తగ్గించి.

"మీరు గడప దాటలేదు. ఈ అమ్మాయి భర్త కుళాయి దగ్గరికి వెళ్ళాడు, నీళ్ళు రాక కిందకి దిగాడు. ఇంటావిడ బకెట్లో చేతులు కడుక్కున్నాడు. అవునా?"

ఇంటావిడ తలూపింది.

"ఆయన తర్వాత అదే కుళాయి దగ్గర ఇంకొకరు చేతులు కడుక్కున్నామని చెప్పారు. చుక్క నీళ్ళు లేని కుళాయి దగ్గర." వదిన మెల్లిగా అటు తిరిగింది. "పెద్దసారూ, లోపలికి వెళ్ళడం అందరూ చూశారు కాబట్టి మీరు ఏదో ఒకటి చెప్పక తప్పలేదు."

పెద్దసారు కర్ర చేతిపిడిని వేళ్ళతో నిమిరాడు. "తడి చెయ్యి అని ఆ అమ్మాయి నవ్వింది," అన్నాడు.

"నేను నవ్వలేదు సార్," అంది ఫుల్‌స్టాప్. "మీ చెయ్యి పొడిగానే ఉంది. నాకు గుర్తుంది, ఎందుకంటే అప్పుడు నాకు ఏడుపొచ్చింది."

వదిన బల్ల దగ్గరికి వచ్చింది. "ఇప్పుడు మీ ఇద్దరినీ పొద్దున అడిగిందే మళ్ళీ అడుగుతున్నాను. ఫోన్ చేసిందెవరు?"

మొదట కామా నోరు విప్పాడు.

"పొద్దున్నే, సారు చేశారు. గదులు మునిగాయటగా, నీ కుర్చీ ఖాళీగానే ఉంది, వచ్చెయ్యి, అన్నారు. ఆ అమ్మాయికి, చెప్పొద్దన్నారు."

ఫుల్‌స్టాప్ తలెత్తి ఆయన్ని చూసింది. "నాకూ అవే మాటలు. మీకు చెప్పొద్దనే అన్నారు. వెళ్దామా అని ఒక్క క్షణం అనుకున్నాను కూడా."

"నేనైతే, చాలాసేపే అనుకున్నాను," అన్నాడు కామా.

"నీళ్ళ సంగతి మీరిద్దరూ ఇంకా ఎవరికీ చెప్పకముందే ఆయనకెలా తెలిసింది?" అంది వదిన. "ఫైళ్ళు తడవడం ఆయనకి ముఖ్యం కాదు. మీరు ఒకరినొకరు 'నీ తాళంచెవి ఎక్కడ' అని అడగాలి. ఆయనకి కావలసింది ఆ ప్రశ్నే."

మరిది పెద్దసారు వైపు చూశాడు. కోప్పడదామనుకున్నాడు గానీ, ఆయన మొహం చూశాక చేతకాలేదు.

"ఉన్నట్టుండి తోచింది," అన్నాడు పెద్దసారు. "నిజంగానే చేతులు కడుక్కుందామని వెళ్ళాను. నీళ్ళు రాలేదు. గుడ్డ అక్కడే ఉంది. మీరిద్దరూ ఇవతల నవ్వుకుంటున్నారు. నా ఆఫీసులో మీరెప్పుడూ అలా నవ్వలేదు."

బేకరీ యజమాని గొంతు సవరించుకున్నాడు. "నా కాగితాలు తడిస్తే ఆరబెట్టుకోవచ్చు. నాకు తెలియాల్సింది ఒక్కటే. మీరు కలిసి ఉంటారా లేదా?"

కామా లాయరుగారి కలం అడిగి తీసుకున్నాడు. అందరూ సంతకం అనుకున్నారు. ఆయన ఆఖరి పేజీలో సంతకాలు చెయ్యాల్సిన చోటికి పైన ఉన్న ఖాళీలో ఏదో రాసి, కాగితాన్ని బల్లమీద అవతలి చివరికి తోశాడు. ఫుల్‌స్టాప్ బిగ్గరగా చదివింది.

"భాగస్వాముల్లో ఎవరికి ఎక్కడినుంచి పిలుపు వచ్చినా, ఆ రోజే రెండోవారికి చెప్పవలెను."

ఆవిడ చదివిన వెంటనే కింద సంతకం చేసింది. ఆ పక్కన ఆయన చేశాడు. బావమరిది సాక్షి సంతకం తనదేనని పట్టుబట్టి, బావ వద్దనకముందే కలం లాక్కున్నాడు.

పెద్దసారు లేచాడు. ఆయనకి దారిచ్చారు గానీ ఎవరూ పలకరించలేదు. గుమ్మం దాటుతుంటే కామా వెనకే వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

"మెట్లు, ఇంకా తడిగా ఉన్నాయి సార్. చూసి దిగండి."

ఇద్దరూ ఒక్కొక్క మెట్టే దిగారు. పైన ఫుల్‌స్టాప్ చీర కొంగు నడుముకి బిగించి, ఫ్యానులన్నీ వేసి, భర్త చేతికి తడి ఫైళ్ళు అందించడం మొదలుపెట్టింది. బేకరీ యజమాని చొక్కా చేతులు మడుచుకున్నాడు.

వదిన సంచీ తీసుకుని కదిలింది. "పద, వెళ్దాం."

మరిది కదల్లేదు. అతను అప్పటికే నేలమీద గొంతుక్కూర్చుని, ఒకదానికొకటి అంటుకుపోయిన కాగితాల్ని చిరగకుండా విడదీస్తున్నాడు. వదిన ఒక నిమిషం చూసి, సంచీ బల్లమీద పెట్టి, పక్కనే తనూ కూర్చుంది.