సర్వర్ రూమ్‌లో ఎర్ర దుప్పటి

"పట్టుకోండి వాణ్ణి!"

బక్కోడు పరిగెత్తుతున్నాడు.

ఆస్పత్రి వెనక మెట్లు. చీకటి. ఒక చెప్పు ఎప్పుడో ఊడిపోయింది. ఆగితే చచ్చాడే!

పైన చనిపోయినవాళ్ల బంధువులు. చేతుల్లో సెలైన్ సీసాలు తగిలించే ఇనప స్టాండ్లు...

ఆస్పత్రి కంప్యూటర్లు చూసుకునేది వీడే. పొద్దున మేనేజర్ సెలవివ్వనన్నాడు. "నేను లేకపోతే మీ సర్వర్ ఒక్క పూట నడవదు!" అని వీడు నోరు జారాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా?

సాయంత్రం సర్వర్ చచ్చింది. ఎవరికి ఏ మందివ్వాలో నర్సులకి తెర మీద కనబడలేదు. ఐసీయూలో ఇద్దరు పోయారు.

"బక్కోడే హ్యాక్ చేశాడు!" అని మేనేజర్ అరిచాడు. పోలీసులొచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని సర్వర్ రూమ్‌కి తాళమేయించాడు.

ఇంకో తాళంచెవి బక్కోడి దగ్గరుంది. అసలు ఎవరైనా చొరబడ్డారా లేదా... చూస్తే తెలిసిపోతుంది!

తలుపు తీస్తాడు.

వేడి!

ఎప్పుడూ పళ్లు కటకటలాడించే గది... ఏసీ ఆపేసి ఉంది. సర్వర్ మీద చెయ్యి వేస్తాడు. చురుక్కుమంటుంది.

హ్యాకింగూ లేదు, గాడిదగుడ్డూ లేదు! వేడికి ఉడికి చచ్చింది.

సర్వర్ వెనక, నేల మీద దిండు. ఎర్ర దుప్పటి. తను బావకి కొనిచ్చిన దుప్పటి!

"ఇక్కడున్నావట్రా?"

గుమ్మంలో బావ. ఈ ఆస్పత్రి సెక్యూరిటీ గార్డు. నడుముకి తుపాకీ.

బక్కోడికి ప్రాణం లేచొస్తుంది. "బావా! ఏసీ ఆపింది నువ్వేనా?"

"భోంచేశాక ఓ కునుకు తీద్దామని రోజూ వస్తా కదరా. ఇవాళ చలికి చచ్చాననుకో. ఆపేశా... మళ్లీ వెయ్యడం మర్చిపోయా."

"పద, ఈ ముక్క పోలీసులకి చెప్పు. లేకపోతే వాళ్లు నన్ను చంపేస్తారు!"

"చెబితే నన్ను చంపుతారు. మీ అక్క, పిల్లలు ఏమైపోవాలి?"

"నేను చూసుకుంటా బావా! నా మీద ఒట్టు!"

బావ గుమ్మం దాటి లోపలికొస్తాడు. కళ్లల్లో నీళ్లు. నిజంగానే ఏడుస్తున్నాడు.

"నువ్వెందుకురా... నేనే చూసుకుంటా."

తలుపు మూసేస్తాడు. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుంటాడు.

"సార్! సర్వర్ రూమ్‌లో ఉన్నాడు! ఆగమంటే ఆగట్లేదు... కత్తితో మీదికొస్తున్నాడు!"

బక్కోడు ఉన్నచోటు నుంచి కదలడు. రెండు చేతులూ జోడించి నిలబడతాడు.

"బావా, అక్కకేం చెబుతా..."

ఢాం!