లింగప్ప చేని కేక

గుమ్మఘట్టకు పోయే దావలో లింగప్ప చేను దాటాల్సొస్తే, మా ఊరోళ్ళు పొద్దు గూకకముందే దాటేస్తారు. నేనూ అంతే... ధైర్యం కబుర్లయితే ఈడ కూర్చోని ఎన్నైనా చెప్తా.

లింగప్ప చచ్చిపోయి ఏడాదైంది. శెనక్కాయ చేనిలో పందులు పడకుండా కాపలా పోయి, పాము కరిచి ఆడనే పోయినాడు. ఇప్పుడా చేనిలో పైరు లేదు, గడ్డీ లేదు. అయినా చీకటి పడితే చాలు— "హోయ్... హోయ్..." అని ఆయప్ప గొంతే!

బెంగళూరు నుంచి వచ్చిన లహరికి ఎవురో పుణ్యాత్ములు ఈ సంగతి మొదటి దినమే చెప్పేసినారు. మొగుడు శశికి ఆడ ఉద్యోగం పోయి, నాయన భూమిలో టమోటా పెట్టినాడు. కరెంటు రాత్రిపూటే వస్తాది, మోటరు కాడనే ఉంటాడు. అన్నం క్యారియరు ఈ పిల్లే తీసకపోవల్ల. లింగప్ప చేను కాడ తల వంచుకోని పరిగెత్తేది. నీళ్ళకు కరువు, మాట్లాడే దిక్కు లేదు, దానికి తోడు ఈ కేక. ఇంకొక్క తూరి ఇనబడితే బెంగళూరు బస్సెక్కేస్తానని శశికి చెప్పేసింది. పాపం, ఆడ ఇల్లు కూడా ఖాళీ చేసొచ్చినారు.

ఆ సాయంత్రం తల ఎత్తింది... గట్టు పొడుగునా ఆడోళ్ళు నిలబడుకోని ఉండారు. తలకాయల్లేవు. కొంగులు ఊగుతాండాయి.

"హోయ్..."

ఈ తూరి పరిగెత్తలేదు. ఏడుపూ కోపమూ కలిసొచ్చి, ఫోను లైటేసుకోని నేరుగా చేనిలోకి పోయింది. చూస్తే ఏముంది— పందులు రాకుండా కట్టిన పాత చీరలు. వేపచెట్టు కొమ్మల్లో చిన్న మైకు, సోలారు పలక. లింగప్ప బతికుండంగా రికార్డు చేసి పెట్టిన కేక, చీకటైతే దానంతటదే మోగుతాది. పైరు లేని చేనికి మైకెందుకుంటాదని మేమెవ్వరమూ తొంగి చూడలేదు. మహా తెలివిగల్లోళ్ళం! లహరి నవ్వుకోని వైరు పీకేసింది.

మర్నాడు మసక చీకట్లో గట్టు మీద లింగప్ప పెండ్లాము మారెక్క కూర్చోనుండాది.

"ఆయప్ప పలకలేదే పాపా... దినమూ ఈడ కూర్చోని ఆ గొంతు ఇంటా ఉంటి."

లహరికి ప్రాణం ఉసూరుమంది. చేనిలోకి పోయి వైరు తగిలించింది.

"హోయ్... హోయ్..."

"ఈడనే ఉండా," అని గొణిగింది మారెక్క. "పైరేమీ లేదు. కాపలా చాలు... పడుకో పో."

కేక ఆగిపోయింది.

లహరి లైటేసి చూసింది. వైరు తగిలించినట్లే ఉండాది. మైకుకు ఎర్ర దీపం వెలుగుతానే ఉండాది.

బస్సు మాట ఆ పిల్ల మళ్ళా ఎత్తలేదు. ఇప్పుడు క్యారియరు తీసకపోయేటప్పుడు మారెక్కను తోడు పిలుచుకుంటాది. చేను కాడ ఇద్దరూ ఒక్క గడియ నిలబడతారు...

ఏమీ ఇనబడదు.